రొమ్ము క్యాన్సరు – డాక్టరు వెరా పీటర్సు కిరణ చికిత్స

స్నానము చేయునప్పుడు రొమ్ములో కందిగింజంత గడ్డ చేతికి తగులును. నొప్పి ఉండదు. జ్వరము రాదు. పొలము పనికి గాని, పాడి పనికి గాని అది అడ్డు రాదు. కనుక ఆ ఇల్లాలు ఆ సంగతి ఎవరికిని చెప్పదు. కోతలైన తరువాత చూచుకొందమనుకొనును. కోతలైన తరువాత పిల్ల పెండ్లి వచ్చును. ఈలోగా గడ్డ నిమ్మకాయంత అగును, పైచర్మము లోనికి లాగుకొనిపోవును, చంకలో మరియొక గడ్డ లేచును. అప్పుడు గాని పట్నపు ఆసుపత్రి గుర్తునకు రాదు.

ఇంతకాలము ఎందుకు దాచితివమ్మా అని అడిగినచో మూడు సమాధానములు వినవచ్చును. సిగ్గు ఒకటి. రాచపుండు వచ్చినవారు బ్రతుకరను భయము రెండవది. మూడవది పైకి చెప్పుటకు చాలమంది ఇష్టపడరు గాని, మా అనుభవములో అదియే బలమైనది: "ఆసుపత్రికి పోయిన రొమ్ము కోసివేయుదురు." ఈ మూడవ భయము నిరాధారమైనది కాదు. డెబ్బది ఎనుబది సంవత్సరముల పాటు లోకమంతటను రొమ్ము క్యాన్సరునకు వైద్యమనగా రొమ్మును తీసివేయుటయే. ఆ పద్ధతి అందరకును అవసరమా అని ప్రశ్నించి, తన జీవితకాలమంతయు వెచ్చించి సమాధానము వెదకినవారిలో కెనడా దేశపు వైద్యురాలు డాక్టరు వెరా పీటర్సు ముఖ్యురాలు. ఆమె శస్త్రవైద్యురాలు కాదు. కిరణములతో చికిత్స చేయు వైద్యురాలు. ఆమె కథను, ఆమె వాడిన కిరణముల కథను మా పాఠకులకు చెప్పదలచితిమి.

మొదట ఆ శస్త్రచికిత్స సంగతి తెలియవలెను. అమెరికాలో బాల్టిమోరు నగరమున విలియం హాల్‌స్టెడ్ అను ప్రసిద్ధ శస్త్రవైద్యుడు 19వ శతాబ్ది చివర ఒక పద్ధతిని నెలకొల్పెను. రొమ్మును, దాని క్రిందనున్న ఛాతీ కండరములను, చంకలోని గ్రంథులను అన్నింటిని ఒక్కటిగా తొలగించుట ఆ పద్ధతి. 1894లో ఆయన దానిని గూర్చి ప్రకటించిన తరువాత అది అన్ని దేశములకు వ్యాపించెను. క్యాన్సరు చెట్టువేరు వలె పుట్టినచోటినుండి క్రమముగా పక్కలకు ప్రాకునని ఆనాటి వైద్యులు నమ్మిరి. ఎంత వెడల్పుగా త్రవ్విన అంత మంచిదని వారి వాదము. హాల్‌స్టెడ్‌ను క్రూరుడని తలచుట న్యాయము కాదు. ఆ రోజులలో ఆయన వద్దకు వచ్చిన రోగులలో పలువురికి గడ్డ అప్పటికే పెద్దదై, పుండుపడి యుండెడిది; వారి కాయన పద్ధతి మేలు చేసెను. కాని ఆ తరువాత చిన్నగడ్డతో వచ్చినవారికి సైతము అదే కత్తి, అదే కోత తప్పలేదు. ఎముకల మీద చర్మము మాత్రము మిగిలిన ఛాతీ, పైకెత్త వీలులేని చేయి, జీవితాంతము వాచియుండు ముంజేయి – బ్రతికి బయటపడిన స్త్రీలకు మిగిలినవి ఇవి. వారిలో ఎక్కువమంది ఈ బాధను ఎవరితోను చెప్పుకొనలేదు.

వెరా పీటర్సు 1911లో టొరంటో నగరము దాపున ఒక పాడి రైతుకుటుంబములో పుట్టెను. చదువులో చురుకైన పిల్ల. ఉన్నతపాఠశాల ముగించునప్పటికి వైద్యకళాశాలలో చేరుటకు వయస్సు చాలలేదు. అందుచేత మొదట గణితము, భౌతికశాస్త్రము చదువుటకు విశ్వవిద్యాలయమున చేరి, పిమ్మట వైద్యమునకు మారెను. లెక్కల చదువు వ్యర్థముగా పోలేదని ముందు ముందు పాఠకులకే తెలియును. వేసవి సెలవులలో ఆమె సరస్సులో తిరుగు ప్రయాణికుల ఓడపై వడ్డన పని చేసెడిది. కాబోయే భర్త పరిచయమైనది ఆ ఓడ మీదనే. 1934లో వైద్యపట్టమును పొందెను.

ఆ దినములలోనే ఆమె తల్లికి రొమ్ము క్యాన్సరు వచ్చెను. టొరంటో జనరల్ ఆసుపత్రిలో గోర్డన్ రిచర్డ్సు అను కిరణవైద్యుడు ఆమెకు చికిత్స చేసెను. ఛాతీకి చుట్టి తొడుగు చొక్కా వంటి కవచము, దానిలో అక్కడక్కడ అమర్చిన రేడియము – ఇదియే ఆ చికిత్స. తల్లి దక్కలేదు. కాని కూతురు ఆ వైద్యుని పనిని దగ్గరనుండి చూచి, ఆయన శిష్యురాలయ్యెను. కిరణవైద్యమును ప్రత్యేకముగా నేర్పు తరగతులు అప్పుడు అక్కడ లేవు. గురువు ప్రక్కన నిలిచి, కమ్మరి కొలిమి వద్ద కొడుకు నేర్చుకొన్నట్లు నేర్చుకొనవలసినదే.

ఇచట కొంచెము ఆగి, కిరణములన నేమో, అవి గడ్డను ఎట్లు కరిగించునో చెప్పవలెను. మన పల్లెలలో ఈ చికిత్సను "కరెంటు పెట్టుట" అందురు. ఈ మాట ఎట్లు వచ్చినదో గాని, విద్యుత్తు రోగి శరీరమును ఏమాత్రమును తాకదు. యంత్రము నడచుటకే విద్యుత్తు. రోగిని చేరునది కంటికి కనుపింపని కిరణము. విరిగిన ఎముకను ఫోటో తీయు ఎక్సు కిరణములు దీనికి అన్నదమ్ముల వంటివి. 1895లో జర్మనీలో రంట్‌జెన్ వానిని కనుగొనెను. 1898లో పారిసులో క్యూరీ దంపతులు రేడియమును కనుగొనిరి. అది తనంత తానే ఇటువంటి కిరణములను వెదజల్లు లోహము. కొద్దికాలమునకే వైద్యులు రెంటిని క్యాన్సరు మీద ప్రయోగించిరి.

మన శరీరము కోటానుకోట్ల జీవకణములతో కట్టబడినది. ప్రతి కణము నడుమ దాని వంశక్రమమును మోయు సన్నని పోగు ఉండును. కణము రెండుగా చీలునప్పుడు ఆ పోగుకు నకలు తయారగును. కిరణములు ఆ పోగును తెంపును. ఆరోగ్యముగా నున్న కణము తెగిన పోగును కొన్ని గంటలలో అతుకుకొనగలదు. క్యాన్సరు కణము అదుపులేక చీలుచుండుటవలన దానికి ఆ మరమ్మతు సరిగా చేతకాదు. తెగిన పోగుతోనే మరల చీలబోయి చచ్చును. కావుననే చికిత్సను ఒక్క దినమున పూర్తిచేయక, కొంచెము కొంచెముగా దినదినము ఇత్తురు. రాత్రి గడచునప్పటికి మంచి కణములు కోలుకొనును, చెడ్డవి వెనుకబడును. ఈ వ్యత్యాసము మీదనే కిరణవైద్యమంతయు ఆధారపడియున్నది. ఇది తెలియక మొదటి తరమువారు ఒకేమారు అధికముగా కిరణములను పెట్టి రోగుల చర్మమును కాల్చిరి. తమ చేతివ్రేళ్ళను, ప్రాణములను పోగొట్టుకొనిన వైద్యులును అనేకులు. వారి పేర్లు చెక్కిన స్మారకశిల యొకటి 1936 నుండి జర్మనీలోని హాంబర్గు నగరపు ఆసుపత్రి ఆవరణములో నున్నది.

వెరా పీటర్సు పేరు మొదట రొమ్ము క్యాన్సరు వలన గాక, హాడ్జ్‌కిన్ వ్యాధి వలన బయటికి వచ్చెను. మెడలోను చంకలోను గ్రంథులు ఉబ్బి, ఎక్కువగా పడుచువారినే పట్టి చంపు వ్యాధి అది. వైద్యగ్రంథములన్నియు దానికి మందు లేదనియే వ్రాసెను. రిచర్డ్సు మాత్రము తన రోగులలో కొందరు సంవత్సరముల తరబడి సుఖముగా తిరుగుచుండుట గమనించి, పాత రికార్డులు తిరగవేసి చూడుమని శిష్యురాలికి చెప్పెను. 1924 మొదలు 1942 వరకు చికిత్స పొందిన 113 మంది కాగితములను ఆమె ఒక్కొక్కటిగా చదివి, ఎవరు ఎంతకాలము బ్రతికిరో, వచ్చునప్పటికి వ్యాధి ఎంతవరకు ప్రాకియుండెనో, ఎంత కిరణము పెట్టిరో పట్టిక వేసెను. 1950లో దానిని ప్రకటించెను. ఐదేండ్లు దాటినవారు నూటికి 51 మంది, పదేండ్లు దాటినవారు నూటికి 35 మంది! అసాధ్యమనుకొన్న వ్యాధి, వేళకు వచ్చి తగినంత కిరణము పెట్టించుకొన్నవారిలో నయమగుచున్నదని అంకెలు చెప్పెను. గురువు ఆ ప్రకటనను చూడలేదు, 1949లోనే మరణించెను. చాలమంది వైద్యులు ఆమె మాటను పలు సంవత్సరములు నమ్మలేదు. తరువాత ఇతర దేశములవారును అదే ఫలితమును చూచి ఒప్పుకొనిరి.

ఆసుపత్రి కాగితమనగా మన ఊళ్ళలో చులకన. చీటీ తెమ్మన్న "ఇంటిలో ఎక్కడో పడవేసితి" మందురు. పదునైదేండ్ల నాటి ఒక చీటీలో గడ్డ పరిమాణము వ్రాసియుండుట ఎంత విలువగలదో ఈ కథ వలన తెలియును. చికిత్స ముగిసినవారు ప్రతి సంవత్సరము వచ్చి చూపించుకొనవలెనని వైద్యులు కోరుట ఊరక గాదు. రాని రోగి బ్రతికియున్నదో లేదో తెలియనిచో పట్టికలో ఒక గడి ఖాళీ. అటువంటి గడులు పెరిగినకొలది పట్టికకు విలువ లేదు.

ఇక రొమ్ము క్యాన్సరు సంగతి. కొందరు స్త్రీలు రొమ్ము తీయించుకొనుటకు ససేమిరా ఒప్పుకొనెడివారు కారు. మరికొందరికి గుండె జబ్బు వంటి కారణములచేత పెద్ద శస్త్రచికిత్సకు తట్టుకొను శక్తి యుండెడిది కాదు. అట్టివారికి గడ్డను, దాని చుట్టునున్న కొద్ది భాగమును మాత్రము తీసి, మిగిలిన రొమ్మునకు కిరణములు పెట్టి పంపెడివారు. వీరికి "సరియైన" వైద్యము జరుగలేదని, త్వరలోనే వ్యాధి తిరుగబెట్టునని అందరి ఊహ. కాని ఏండ్లు గడచినను వీరు వార్షిక పరీక్షకు వచ్చుచునే యుండిరి. ఇది క్రొత్త ఊహయని చెప్పలేము. లండనులో జెఫ్రీ కీన్సు అను శస్త్రవైద్యుడు 1924 నుండియే రేడియము సూదులను రొమ్ములో గ్రుచ్చి కొన్ని దినములుంచి చికిత్స చేసి, రొమ్ము దక్కినను రోగులు బ్రతుకుచున్నారని 1937లో ప్రకటించెను. సహవైద్యులు పట్టించుకొనలేదు, యుద్ధము వచ్చి ఆ పని మూలబడెను.

పీటర్సు మరల రికార్డులనే ఆశ్రయించెను. 1958లో టొరంటోలో ప్రిన్సెస్ మార్గరెట్ ఆసుపత్రి తెరువబడగా ఆమె అందు పనిచేయుచు, రెండు మూడు దశాబ్దుల నాటి రోగుల వివరములను చేతితో ఎక్కించుకొనెను. గణనయంత్రములు బల్లమీదికి రాని కాలమది. ఆమె ఎన్నుకొనిన పద్ధతిని రైతులు సులభముగా గ్రహింపగలరు. రెండు వరి వంగడములలో ఏది మేలో తెలియవలెనన్న, ఒకదానిని కాలువ క్రింది మాగాణిలోను, రెండవదానిని చవిటినేలలోను నాటి దిగుబడి తూచిన న్యాయమగునా? ఒకే నేల, ఒకే నీరు, ఒకే అదనులో నాటిన చేలను పోల్చవలెను. ఆమెయు అట్లే, గడ్డ మాత్రము తీయించుకొని కిరణములు పెట్టించుకొన్న ప్రతి స్త్రీకి, అదే వయస్సు, అంతే గడ్డ, అదే కాలమున రొమ్మంతయు తీయించుకొన్న స్త్రీలను జతచేసి, ఎవరు ఎంతకాలము బ్రతికిరో చూచెను. ఇరువైపుల వారును ఒకే తీరున బ్రతికిరి. చిన్నగడ్డతో వచ్చిన స్త్రీకి రొమ్మును పోగొట్టుకొనుటవలన ఆయుస్సు ఒక్క దినమైనను పెరిగినట్లు కనబడలేదు.

1967లో ఒకమారు వైద్యపత్రికలోను, 1975లో కెనడా వైద్యుల పెద్ద సభలోను ఆమె ఈ సంగతి చెప్పెను. శస్త్రవైద్యులు సంతోషింపలేదు. తాము ముప్పది సంవత్సరములుగా చేయుచున్న పని, వేలమంది స్త్రీలకు చేసిన పని, అవసరము లేకుండ చేసితిమని ఒప్పుకొనుట ఎవరికైనను కష్టమే. వారి ఆక్షేపణలో శాస్త్రీయమైన భాగమును కొంత కలదు. ఎంత జాగ్రత్తగా జతచేసినను, పాత కాగితములలో వ్రాయబడని తేడా ఏదో మిగిలియుండవచ్చును. దానిని తొలగించుటకు ఒకే దారి: ముందుగా స్త్రీల అనుమతి పొంది, చీటీ వేసినట్లు ఏ పక్షపాతమును లేకుండ కొందరికి ఒక చికిత్స, కొందరికి రెండవ చికిత్స చేసి, ఏండ్ల తరబడి కనిపెట్టియుండుట.

ఆ పనిని ఇటలీలోని మిలాను నగరమున ఉంబెర్తో వెరొనేసి 1973లో ఆరంభించెను. 701 మంది స్త్రీలు అందు పాల్గొనిరి. అమెరికాలో బెర్నార్డు ఫిషరు 1976లో మరియొక పరిశీలన ప్రారంభించెను. దానిలో 1851 మంది. 2002లో రెండింటి ఇరువది సంవత్సరముల ఫలితములు వెలువడెను. రొమ్ము తీసివేయబడినవారును, దక్కించుకొన్నవారును సమానముగనే జీవించిరి. పీటర్సు పాత కాగితములలో చదివినది నిజమని తేలెను.

అయితే ఫిషరు పరిశీలనలో మా పాఠకులు తప్పక గుర్తుంచుకొనవలసిన అంకె యొకటి కలదు. గడ్డ మాత్రము తీసి కిరణములు పెట్టనివారిలో ఇరువది ఏండ్లలో అదే రొమ్మున వ్యాధి తిరుగబెట్టినది నూటికి 39 మందికి. కిరణములు పెట్టించుకొన్నవారిలో నూటికి 14 మందికి మాత్రమే. అనగా గడ్డ తీసిన కత్తి సగము పనియే చేసినది. చూపునకు కనబడక మిగిలిపోయిన కణములను చంపుట కిరణముల వంతు. కుట్లు మానినవి గదా, గడ్డ పోయినది గదా అని ఇంటికి పోయి మరల రాని స్త్రీలు మన ప్రాంతములలో లేకపోలేదు. దూరము, ఖర్చు, ఇంటివద్ద పాడిపశువులను చూచువారు లేకపోవుట – కారణములు మాకు తెలియును. కాని రొమ్మును దక్కించుకొనుట అను బేరములో కిరణచికిత్స కొసరు గాదు, అసలులోనిదే.

కిరణములు కెనడా నుండి మన దేశమునకు వచ్చిన తీరును ఇచటనే చెప్పుట ఉచితము. రేడియము మిక్కిలి ఖరీదైనది, దొరకుట దుర్లభము. పాత ఎక్సు కిరణ యంత్రముల కిరణము లోతునకు పోక పైచర్మమును కాల్చెడిది. 1951లో కెనడాలో, అణుయంత్రమున తయారుచేసిన కోబాల్టు-60 అను ధాతువుతో నడచు చికిత్సాయంత్రములు రెండు పట్టణములలో కొద్ది దినముల తేడాతో పనికి వచ్చెను. దాని కిరణము చర్మమును అంతగా కాల్చక లోనికి దిగును, ఖర్చు తక్కువ. ప్రపంచమంతట కిరణవైద్యము పేదల అందుబాటునకు వచ్చినది ఈ కోబాల్టు వలననే. మద్రాసులో డాక్టరు ముత్తులక్ష్మి రెడ్డి, తన చెల్లెలు క్యాన్సరుతో మరణించుట కన్నులార చూచి, పెక్కు సంవత్సరములు పాటుపడి 1954లో అడయారు క్యాన్సరు సంస్థను నెలకొల్పెను. 1957లో కెనడా కోబాల్టు యంత్రము అచటికి చేరెను. నెల్లూరు, చిత్తూరు వైపు నుండి మనవారు ఎందరో రైలెక్కి పోయినది ఆ యంత్రము వద్దకే. హైదరాబాదులో మెహదీ నవాజ్ జంగ్ కృషి వలన 1955లో రేడియము సంస్థ, క్యాన్సరు ఆసుపత్రి వెలసెను. నేడు దానిని అందరును ఎం.ఎన్.జె. ఆసుపత్రి అందురు. ఇప్పుడు విశాఖపట్టణమున హోమీ భాభా ఆసుపత్రి, తిరుపతిలో స్విమ్సు మొదలగు చోట్ల కూడ కిరణచికిత్స లభించుచున్నది. చాలచోట్ల కోబాల్టు స్థానమున లీనియరు యాక్సిలరేటరు అను క్రొత్త యంత్రములు వచ్చినవి. వానిలో కిరణమును మరింత గురిగా పంపవచ్చును.

ఆ గదిలో ఏమి జరుగునో తెలియకపోవుటవలన కలుగు భయమే ఎక్కువ. మొదటి దినమున స్కాను తీసి, ఛాతీపై సిరాతో గీతలు గీయుదురు, లేదా సూదిమొనతో చిన్న పచ్చబొట్టు చుక్కలు పెట్టుదురు. ప్రతిదినము కిరణము అదే చోటికి పోవుటకు అవి హద్దురాళ్ళు. సిరా గీతలను రుద్ది కడుగరాదు. తరువాత దినమునకు ఒకమారు బల్లపై వెల్లకిల పండుకొని చేయి తలపైకి ఎత్తియుంచవలెను. యంత్రము రోగిని తాకక చుట్టు తిరుగును. కొన్ని నిముషములే, నొప్పి, వేడిమి ఏమియు తెలియదు. గదిలో ఒక్కరే యున్నను వెలుపలనుండి కిటికీలోనో తెరమీదనో చూచుచునే యుందురు, పిలిచిన వినుదురు. ఎడమ రొమ్ము అయినచో గుండె దగ్గరగా నుండును గనుక, నిండుగా ఊపిరి పీల్చి బిగపట్టుమని కొన్ని ఆసుపత్రులలో చెప్పుదురు; అట్లు చేసిన గుండె కిరణపు దారినుండి వెనుకకు తొలగును.

రెండు మూడు వారములకు చర్మము ఎండకు కమిలినట్లు ఎఱ్ఱబడవచ్చును, నల్లబడవచ్చును, దురద పెట్టవచ్చును. అలసట కలుగును. పసుపు, ఆకుపసరు, కొబ్బరినూనె వంటివి ఎవరో చెప్పిరని పూయక, వైద్యుని అడిగి వారు ఇచ్చినదే వాడవలెను. బిగుతు రవికలు మాని మెత్తని నూలుబట్ట కట్టుకొనుట మంచిది. తలవెండ్రుకలు రాలునది మందు ఎక్కించు చికిత్స వలన. రొమ్మునకు పెట్టిన కిరణముల వలన గాదు. వెలుపలి యంత్రముతో కిరణములు పెట్టించుకొన్న స్త్రీ శరీరమున ఆ కిరణము నిలిచియుండదు. దీపమార్పిన తరువాత గదిలో వెలుగు మిగులనట్లే. ఆమె బిడ్డను ఎత్తుకొనవచ్చును, వంట చేయవచ్చును, భర్త ప్రక్కన పండుకొనవచ్చును. వ్యాధియు అంటుకొనునది కాదు. ఈ తెలియమి చేత కోడలిని వేరుగదిలో ఉంచి, వేరు కంచమిచ్చిన ఇల్లు మేమే యొకటి చూచితిమి. ఆమెను బాధించినది వ్యాధికంటె ఆ కంచమే యని ఆమె మాతో చెప్పెను.

ఎన్ని దినములు అను ప్రశ్నకు సమాధానము ఇటీవల చాల మారినది. పూర్వము వారమునకు ఐదు చొప్పున ఐదు వారములు, 25 మారులు రావలసియుండెను. పీటర్సు పనిచేసిన కెనడా దేశమున 1234 మంది స్త్రీలతో జరిగిన పరిశీలన ఫలితములు 2010లో వెలువడినవి. కొంచెము హెచ్చు మోతాదున 16 మారులు పెట్టినను ఫలితము సమానమే. పదేండ్లలో అదే రొమ్మున తిరుగబెట్టినది ఇరువైపులను నూటికి ఆరేడుగురికి మాత్రమే. 2020లో బ్రిటను దేశపు పరిశీలన యొకటి, తగిన రోగులకు ఒక్క వారములో ఐదు మారులే చాలునని చూపెను. పట్నములో గది అద్దె, తోడు వచ్చినవారి కూలి నష్టము లెక్క వేసికొను కుటుంబమునకు ఐదు వారములు మూడు వారములగుట సామాన్య విషయము కాదు. ఎవరికి ఏది తగునో వైద్యుడే నిర్ణయింపవలెను. కాని అడుగుటకు రోగికి హక్కు గలదు.

అందరకును రొమ్ము దక్కునని మేము చెప్పుటలేదు. గడ్డ పెద్దదైనను, ఒకే రొమ్మున వేర్వేరు చోట్ల గడ్డలున్నను, అదివరకే ఛాతీకి కిరణములు పెట్టియున్నను, గర్భము తొలినెలలలో నున్నను రొమ్మును తీయవలసిరావచ్చును. కొందరికి ముందుగా మందుతో గడ్డను కుదించి, పిమ్మట రొమ్ము దక్కునట్లు శస్త్రచికిత్స చేయుటయు కలదు. రొమ్ము తీసిన తరువాత సైతము చంక గ్రంథులకు వ్యాధి ప్రాకిన వారికి కిరణములు అవసరమగును. ఏది ఏమైనను, కందిగింజంత గడ్డతో వచ్చిన స్త్రీకి ఎన్నుకొనుటకు దారులున్నవి. నిమ్మకాయంత అయిన తరువాత వచ్చిన స్త్రీకి అవి మూసుకొనిపోవుచున్నవి. రొమ్ము పోవునని దాచుటయే రొమ్ము పోవుటకు కారణమగుచున్నది.

ముప్పది ఏండ్లు దాటిన స్త్రీలకు ప్రాథమిక ఆరోగ్యకేంద్రములలో రొమ్ము పరీక్ష చేయుదురు. ఆశా కార్యకర్తనో, ఏ.ఎన్.ఎం.నో అడిగిన చాలును, చూచువారు స్త్రీలే. గట్టిగా కదలక యుండు గడ్డ, చనుమొన లోనికి పోవుట, దానినుండి రక్తము కారుట, చర్మము బత్తాయి తొక్కవలె గుంటలు పడుట కనబడినచో వాయిదా వేయరాదు. గడ్డలన్నియు క్యాన్సరు కావు. ఎక్కువ భాగము కావు. తేల్చునది సూదిపరీక్ష మాత్రమే. సూది గ్రుచ్చిన వ్యాధి ప్రాకునను మాట వట్టిది. ఆంధ్రప్రదేశములో ఎన్.టి.ఆర్. వైద్య సేవ, తెలంగాణములో రాజీవ్ ఆరోగ్యశ్రీ పథకముల క్రింద అర్హులైన కుటుంబములకు శస్త్రచికిత్స, మందు, కిరణములు మూడును ఉచితముగా లభించును. కార్డు, ఆధారు, పాత కాగితములు వెంట తీసికొనిపోవలెను. పురుషులకును అరుదుగా ఈ వ్యాధి వచ్చును. వారికి సిగ్గు మరింత ఎక్కువ గనుక మరింత ఆలస్యముగా వత్తురు.

డాక్టరు వెరా పీటర్సు ఇద్దరు కుమార్తెలను పెంచుచు, రోగులను చూచుచు, రాత్రిళ్ళు పట్టికలు వేసికొనుచు, నలువది సంవత్సరములు పనిచేసి 1976లో విరమించెను. అంతకు ముందు సంవత్సరమే కెనడా ప్రభుత్వము ఆమెకు బిరుదమిచ్చి గౌరవించెను. ఆసుపత్రిలో రోగితో మాటలాడకుండ, రోగి మీదుగా వైద్యులు తమలో తాము మాటలాడుకొను ఆచారము ఆనాడు ఉండెడిది; నేడును పూర్తిగా పోలేదు. శరీరము ఎవరిదో ఆ స్త్రీకి అన్ని సంగతులు చెప్పి, ఆమె అభిప్రాయము అడిగిన తరువాతనే చికిత్స నిర్ణయింపవలెనని పీటర్సు పట్టుబట్టెను. తల్లిని తీసికొనిపోయిన వ్యాధియే తుదకు ఆమెకును సంక్రమించెను. 1993 అక్టోబరు 1వ తేదీన, తాను పనిచేసిన ప్రిన్సెస్ మార్గరెట్ ఆసుపత్రిలోనే, 82వ యేట ఆమె కన్నుమూసెను.